లోటు స్టాంపు కంప్యూటరు

మా గుమ్మలేరు సబ్ రిజిస్ట్రారు గారు తన ఆఫీసు కంప్యూటరును తానే జప్తు చేశారని విని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నవ్వుకుంటున్నారట. నవ్వండి బాబూ, మీ నోళ్ళు మీ ఇష్టం. చట్టం తెలిసినవాడెవడూ నవ్వడు. నేను నవ్వలేదు. ఆ ఆఫీసు ప్రహరీగోడ పక్కన టార్పాలిన్ కింద బల్ల వేసుకుని, జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ దస్తావేజులు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. పేరు సూరన్న. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇందులో కొట్టివేతలు, దిద్దుబాట్లు లేవు.

మొదట పై ఆఫీసు నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. శాఖలోని కంప్యూటర్లలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడిపోయిందట, దాని బాగోగులు ఇక చూడమని కంపెనీవాళ్ళు చేతులు దులుపుకున్నారట, కాబట్టి ప్రతి ఆఫీసూ కొత్త సిస్టమ్ వేసుకోవాలట. "ఈ పని వలన ప్రజలకు సేవలు ఒక్క క్షణమైనను ఆగరాదు. సేవలు నడుచుచున్న సమయమున ఈ పని చేపట్టరాదు" అని కూడా రాశారు. రెండు వాక్యాలూ ఒకే పేరాలో ఉన్నాయి. రాసినవాడికి పదోన్నతి వచ్చే ఉంటుంది.

మా సబ్ రిజిస్ట్రారు పులుగుర్త భూషణం గారు చాలా జాగ్రత్త గల మనిషి. ఎంత జాగ్రత్తంటే, టీ తెచ్చినవాడు "పంచదార వెయ్యమంటారా సార్?" అని అడిగితే "నిబంధనలకు లోబడి చూడు" అంటారు. సర్వీసులో ఆయన అవునన్నదీ లేదు, కాదన్నదీ లేదు. ఫైలు మీద "చూచితిని" అని రాసి కిందికో పైకో పంపించేస్తారు. అలా చూస్తూ చూస్తూనే రిటైర్మెంటు దగ్గరికి వచ్చేశారు.

ఒక సోమవారం ఉదయం ఆపరేటరు శివాజీ కంప్యూటర్లో కొత్త సిస్టమ్ పెట్టడం మొదలెట్టాడు. ఇద్దరు పిల్లల తండ్రి, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, అన్నిటికీ తొందర. మిషను కాసేపు గుర్రుమని, తెర నిండా చీమల బారులాంటి అక్షరాలు పరిచి, అడుగున ఒక మీట చూపించింది. 'పై షరతులన్నీ చదివి అంగీకరిస్తున్నాను' అని ఆ మీట మీద రాసి ఉంది. శివాజీ దాన్ని నొక్కబోతుండగా భూషణం గారు క్యారేజీ చేత్తో పట్టుకుని అటుగా వెళ్తున్నారు. ఆయన కర్మ.

"ఏంటయ్యా అది?"

"ఏం లేదండి. అగ్రిమెంటండి. ఇలా నొక్కేస్తే అయిపోద్ది."

అగ్రిమెంటన్న మాట చెవిన పడగానే భూషణం గారి మొహం మారిపోయింది. "చెయ్యి తియ్యి ముందు! ఎవరికీ ఎవరికీ మధ్య అగ్రిమెంటు?"

"కంపెనీకీ మనకీనండి."

"మనకంటే ఎవరికి? నీకా? నాకా? గవర్నరు గారికా?"

శివాజీ తల గోక్కున్నాడు. "అంత దూరం ఎవరాలోచిస్తారండీ! నా ఫోన్లో వారానికోటి వస్తది. నొక్కేస్తా ఉంటాను."

"చదివావా?"

"చదవడమేంటండీ?"

ఆ మాటకు భూషణం గారు పక్కనున్న కుర్చీలో కూలబడ్డారు. క్యారేజీ కింద పెట్టి, "సూరన్న గారిని పిలవండి" అన్నారు. నేను కలం చెవిలో పెట్టుకుని వెళ్ళాను. ఏ దస్తావేజు వచ్చినా ఆ ఆఫీసులో ముందు చూసే పద్ధతి ఒకటుంది. మేం ఆ పద్ధతి తప్పలేదు.

"రాసి ఇచ్చినవారెవరండీ?"

"కంపెనీ అని ఉందండి. తండ్రి పేరు లేదు."

"వయసు?"

"రాయలేదండి."

"చుట్టుహద్దులు?"

నేను తెర మీద కనబడ్డంత మేరా కళ్ళద్దాలు పెట్టుకుని వెతికాను. "తూర్పు లేదు, దక్షిణం లేదు, పడమర, ఉత్తరం అసలే లేవండి. ఆస్తి ఎక్కడుందో కూడా చెప్పలేదు. 'ప్రపంచవ్యాప్తంగా' అంటున్నారు."

"సాక్షులు?"

"లేరండి."

భూషణం గారు గొంతు తగ్గించి అడిగారు. "స్టాంపు?"

"ఎక్కడండీ బాబూ! ఉత్త కాగితం. అది కూడా కాదు, ఉత్త గాజు."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. స్టాంపు కట్టని ఒప్పందం ప్రభుత్వ అధికారి ఎదుటికి వస్తే, ఆయన దాన్ని జప్తు చేసి తీరాలి. చట్టం. ఇందులో ఆయన ఇష్టాయిష్టాలతో పని లేదు, ఆలోచించాల్సింది అంతకన్నా లేదు. అందుకే భూషణం గారికి ఆ సెక్షనంటే ప్రాణం. కాగితమైతే బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఈ ఒప్పందం తెర మీద ఉంది. తెర పెట్టెకు తగిలించి ఉంది. పెట్టె బల్ల మీద ఉంది. కాబట్టి తెర, పెట్టె, బల్ల అన్నీ ఒకేసారి జప్తయిపోయాయి. బల్ల సొరుగులో శివాజీ తెచ్చుకున్న గోంగూర పప్పు క్యారేజీ ఉండిపోయింది. అది జప్తులోకి వస్తుందా రాదా అని మధ్యాహ్నం దాకా చర్చ జరిగి, సందేహాస్పదంగా ఉన్నందున యథాతథ స్థితి కొనసాగించాలని తీర్మానించారు. దాని ఫలితం గురువారానికల్లా వరండా దాకా తెలిసింది.

మౌసు మీద స్టీలు గిన్నె బోర్లించి, గుడ్డ కట్టి, లక్కముద్ర వేశారు. కంప్యూటరును ఆపడానికి వీల్లేదు, ఆపితే ఒప్పందం మాయమై సాక్ష్యం నాశనమవుతుంది. మా ఊళ్ళో కరెంటు సంగతి మీకు తెలియనిదా! పక్కనున్న టెంటు హౌసు నుంచి జనరేటరు తెచ్చి కిటికీ కింద పెట్టారు. అది డుబడుబమంటుంటే నేను చెప్పేది పార్టీలకు వినబడదు, వాళ్ళు చెప్పేది నాకు వినబడదు. ఆ వారం నేను రాసిన ముసాయిదాల్లో ఎవరి పొలం ఎవరికి పోయిందో ఆ దేవుడికే తెలియాలి.

ఆ గోలలోనే హైమ వచ్చింది.

హైమ రొయ్యల చెరువులకు నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తుంది. గట్టి పిల్ల. ఆమె, బస్సు కండక్టరు సాల్మన్ కలిసి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళికి నోటీసు ఇచ్చారు. రెండు మతాలవాళ్ళు కదా, అదే దారి. నోటీసు ముప్పై రోజులు ఆఫీసు బోర్డు మీద ఉండాలి. ఆపైన, ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోపు పెళ్ళి జరిగిపోవాలి. జరగకపోతే నోటీసు చచ్చిపోతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. ముప్పై రోజులు ఎలాగో గడిచాయి. తర్వాత ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరక్క కొన్నాళ్ళు పోయింది. తీరా ఇద్దరూ సెలవు పెట్టుకుని వస్తే మిషను జప్తులో ఉంది.

"పెళ్ళి మేం చేసుకుంటాం గదండీ, కంప్యూటరు ఎందుకు?" అంది హైమ.

"సర్టిఫికెట్టు అందులోంచే రావాలమ్మా. చేత్తో రాయకూడదని పోయిన ఏడే ఉత్తర్వు."

"ఆ బటన్ నొక్కేయండి మరి!"

భూషణం గారు ఆమెను జాలిగా చూశారు. "చిన్నపిల్లవి తల్లీ. నొక్కడమంటే ఒప్పుకోవడం. ఒప్పుకోవడమంటే ఏంటో నీకింకా తెలీదు."

బయటికొచ్చి నా బల్ల దగ్గర కూర్చుని ఆ పిల్ల ఏడ్చినంత పని చేసింది. "మా మావయ్య స్థలాల బేరాలు చేస్తాడండి. మా నాన్న ఆయన మాట దాటడు. నోటీసు బోర్డు మీదున్న ఆ నెలంతా రేట్లు పడిపోయి ఆయన ఈ ఆఫీసు గడప తొక్కలేదు గాబట్టి సరిపోయింది. ఇప్పుడు రేట్లు లేచాయి. ఈ మిషను కదిలిందంటే రోజూ ఇక్కడే ఉంటాడు. మళ్ళీ నోటీసు పెడితే ఆ సాయంత్రానికే నన్ను గదిలో పెట్టి తాళం వేస్తారు. ఈ నోటీసు పోతే సాల్మన్ని నేను చేసుకున్నట్టే, ఇంక!"

నీళ్ళ చెంబు అందించాను. ఇంకేం చెప్పను? "ఊరుకోమ్మా, పైకి రాశారు కదా, వస్తుంది" అన్నాను. పై నుంచి ఏం వస్తుందో తెలిసే అన్నాను.

పై నుంచి వచ్చింది. జిల్లా రిజిస్ట్రారు గారి లేఖ. "తమరు కనబరచిన అప్రమత్తత శ్లాఘనీయము. ఐతే సదరు ఒప్పందమును అంగీకరించుటకు సమర్థ అధికారి ఎవరో తమ లేఖలో పేర్కొనలేదు. అట్టి అధికారి ఎవరో నిర్ధారించుటకు సమర్థ అధికారి ఎవరో కూడ తెలియపరచవలెను. ఈలోగా ఒప్పందమును రాజభాషలోనికి తర్జుమా చేయించి, ఎదుటి పార్టీకి నోటీసు జారీ చేయునది." పనిలో పనిగా, జిల్లాలోని మిగతా ఆఫీసులు కూడా తమ తమ కంప్యూటర్లను జప్తు చేసుకోవాలని ఆదేశం. అప్పటికే కొన్ని ఆఫీసుల్లో పాపం ఎవరో నొక్కేశారట. వాళ్ళకు సంజాయిషీ మెమోలు వెళ్ళాయి. వాళ్ళ కంప్యూటర్లు హాయిగా పనిచేస్తున్నాయని, అందుకు కారణం తెలపాలని.

తర్జుమా పని నా నెత్తిన పడింది. రాజమండ్రి నుంచి ఎవరో ఆ ఒప్పందం మొత్తం అచ్చు వేయించి పంపారు. మోయడానికి మనిషి కావాల్సొచ్చింది. మా మేనల్లుడు ఇంగ్లీషు చదివి అర్థం చెబుతుంటే నేను నా ధోరణిలో రాశాను. నాకు వచ్చిన తెలుగు దస్తావేజు తెలుగే. "సదరు సాఫ్టువేరును తాము గాని తమ పుత్రపౌత్ర పారంపర్యము గాని దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో అనుభవింపరాదు. అందు లోపములు బయల్పడిన యెడల కంపెనీ వారికి ఎట్టి బాధ్యతయు లేదు. లోపములు బయల్పడని యెడలను లేదు." రాస్తూ రాస్తూ నేనే కలం కింద పెట్టేశాను. ఇంత అన్యాయపు కౌలుపత్రం మా జమీందార్ల కాలంలో కూడా ఎవరూ రాయించుకుని ఉండరు. శివాజీకి చదివి వినిపిస్తే, వాడు తన ఫోను తీసి నా బల్ల మీద పెట్టి, దాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "ఇయ్యన్నీ నేను ఒప్పుకున్నానాండీ?" అన్నాడు. ఆ రోజు వాడు అన్నం తినలేదు. సొరుగు కూడా ఇంకా జప్తులోనే ఉంది లెండి.

ఎదుటి పార్టీకి శివాజీ ఫోను నుంచి నోటీసు పంపారు. కంపెనీవారు పాస్‌పోర్టు సైజు ఫొటోలతో, ఆధార్ కార్డుతో, ఇద్దరు సాక్షులతో, ఎడమచేతి బొటనవేలితో సహా గుమ్మలేరులో హాజరు కావాలని. దానికి ఆ ఫోనులోకే ఒక జవాబు వచ్చింది. 'మమ్మల్ని సంప్రదించినందుకు మీకు ధన్యవాదాలు. మీ సంతృప్తే మా ధ్యేయం.' భూషణం గారు దాన్ని కాగితం మీద రాయించి ఫైల్లో పెట్టి, "పార్టీవారు మెత్తబడుచున్నారు" అని రాసి పైకి పంపారు.

ఈలోగా కంప్యూటరును కాపాడడం పెద్ద పనైపోయింది. పొరపాటున ఏది దాని మీద పడినా అంగీకారం కిందికి వస్తుంది కదా. అటెండరు ఒక విసనకర్ర పుచ్చుకుని పొద్దస్తమానం ఈగలు తోలుతూ కూర్చున్నాడు. ఎంత కాపలా కాస్తే ఏం లాభం? ఒక మధ్యాహ్నం పైకప్పు నుంచి బల్లి ఒకటి టపీమని కీబోర్డు మీద పడింది.

ఆఫీసు మొత్తం లేచి నిలబడింది. బల్లి మీట మీద కాలు వేసిందా లేదా? వేస్తే అది ప్రభుత్వం తరఫున అంగీకరించినట్టా? భూషణం గారు చెమటలు తుడుచుకుంటూ, "సూరన్న గారూ, మీ దగ్గర పంచాంగం ఉంది కదూ! బల్లిపాటు ఫలం చూడండి" అన్నారు.

"ఏ అవయవం కింద చూడమంటారండీ?"

ఆయన కంప్యూటరును పైనించి కిందిదాకా చూశారు. "తెర మొహం అనుకుంటే, కీబోర్డు చెయ్యే కదండీ?"

కుడిచెయ్యా ఎడమచెయ్యా అన్నది తేలలేదు. ఒక చెయ్యికి ధనలాభం, రెండో చెయ్యికి రాజదండన అని ఉంది. తెర మాత్రం కదలలేదు, మీట అలాగే ఉంది. బల్లి అంగీకరించలేదని పంచనామా రాసి అందరం సంతకాలు చేశాం. బల్లి సంతకం కోసం వెతికితే అది గోడెక్కిపోయింది.

హైమ ఇదంతా చూస్తూనే ఉంది. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చునేది. ఊరికే కూర్చోలేక నా తర్జుమా కట్టలు అడిగి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివేసింది. నాకు తెలిసి ఆ ఒప్పందాన్ని మొత్తం చదివిన మనిషి ఈ భూమ్మీద ఆ పిల్ల ఒక్కతే. రాసినవాణ్ణి నేను కూడా సగం నిద్రలో రాశాను. సాల్మన్ డ్యూటీ మధ్యలో బస్సు ఆపించుకుని పరుగెత్తుకొచ్చి, "అయ్యిందా?" అనేవాడు. "లేదు" అంటే "రైట్ రైట్" అంటూ అదే పరుగున వెళ్ళిపోయేవాడు.

చివరికి నోటీసు గడువు ఇంకో వారం ఉందనగా జిల్లా నుంచి ప్రభుత్వ వకీలు గారు వచ్చారు. నల్లకోటు, బొజ్జ, ఆ బొజ్జ మీద చేతులు. జనరేటరు ఆపించమన్నారు, మావాళ్ళు ఆపకూడదన్నారు, సరే అని ఆయన అరుస్తూనే సలహా ఇచ్చారు.

"ప్రభుత్వము అనునది ఇతరులచేత అంగీకరింపజేయును గాని తాను అంగీకరించదు! అది సార్వభౌమత్వ లక్షణము! ఇందులో పదహారో షరతు చూచితిరా? ఏ నష్టం వచ్చినా నొక్కినవాడిదే బాధ్యత! మీలో ఎవరు నొక్కినా పింఛనులోంచి పట్టెదరు!"

ఆఫీసులో ఉన్నవాళ్ళందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. అటెండరు విసనకర్ర కూడా వెనక్కి పెట్టుకున్నాడు.

"మరి మార్గం?" అన్నారు భూషణం గారు.

"ప్రభుత్వేతరుడైన ఒక పౌరునిచేత నొక్కించవలెను. లాభము ప్రభుత్వానిది, బాధ్యత పౌరునిది. మనకిది కొత్త పద్ధతేమీ కాదు గదా!"

అందరూ హమ్మయ్య అనుకున్నారు. జిల్లా నుంచి మూడో రోజుకే ఉత్తర్వు వచ్చింది, అంత వేగంగా ఏ ఉత్తర్వూ వచ్చి ఎరగం. 'పౌర అంగీకర్త' అని ఆ మనిషికి పేరు కూడా పెట్టారు. ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పారు. "గుమ్మలేరు పురప్రజలకు విజ్ఞప్తి! ప్రభుత్వం తరఫున అంగీకరించుటకు ఉత్సాహవంతులైన పౌరులు ఆహ్వానింపబడుచున్నారు! దేనికి అంగీకరించవలెనో ఆఫీసు పని వేళలలో తెలుసుకొనవచ్చును!" ఒక ముసలాయన వచ్చి దీనికి రేషన్ కార్డు ఇస్తారా అని అడిగి, ఇవ్వరంటే తిట్టి పోయాడు. ఇంకెవరూ రాలేదు. మా ఊరి జనం అమాయకులేం కాదు.

శుక్రవారంతో హైమ నోటీసు గడువు సరి. ఆ రోజు మధ్యాహ్నం రెండు దండలు, ఇద్దరు సాక్షులు, కొత్త చొక్కా తొడుక్కున్న సాల్మన్‌తో హైమ వచ్చింది. ముగ్గురుండాలి, మూడో సాక్షి భయమేసి మధ్యలో బస్సు దిగిపోయాడట. "నేనున్నాలేమ్మా" అన్నాను.

ఆ పిల్ల నేరుగా భూషణం గారి ముందు నిలబడింది. "నేను పౌరురాలినే కదండీ? నేను నొక్కుతాను."

"షరతులు..."

"అన్నీ చదివానండి."

లక్కముద్ర పగలగొట్టారు. గిన్నె ఎత్తారు. హైమ మౌసు పట్టుకుని టిక్కుమని నొక్కింది. అంతే. ఇన్నాళ్ళ భాగోతం, అంత చిన్న చప్పుడు. మిషను గుర్రుమంది, తెర మీద చాలాసేపు చక్రం తిప్పింది, మూడుసార్లు ఆరి వెలిగింది. తెర మీద పువ్వులూ కొండలూ వచ్చాయి. 'మీ పేరేమిటి?' అని అడిగింది. హైమ కొట్టింది. రహస్యపదం పెట్టుకోమంది. పెట్టుకుంది. 'హైమా, స్వాగతం!' అని తెర నిండా వచ్చింది.

సాల్మన్ ఈల వేశాడు. శివాజీ సొరుగు లాగి క్యారేజీ తీశాడు, మూత తియ్యకుండానే పరుగెత్తుకెళ్ళి పెంటకుప్పలో పడేశాడు. "రండమ్మా రండి, పేర్లు ఎక్కించేద్దాం" అంటూ తిరిగొచ్చాడు.

"ఆగు" అన్నారు భూషణం గారు.

 ఆ 'ఆగు' నేను ఎన్నిసార్లు విని ఉంటానో!

"ఈ కంప్యూటరు ఇప్పుడెవరి పేరు మీద ఉంది? హైమావతి గారి పేరు మీద. ఎవరు తెరవాలి? ఆవిడే. ఎవరి పెళ్ళి? ఆవిడదే. దరఖాస్తుదారే తన దరఖాస్తును పరిష్కరించుకోవడం సర్వీసు నిబంధనలకు విరుద్ధం. తన పెళ్ళి తనే చేసేసుకుంటుందా?"

"నేను తెరిచిపెడతానండి, మీరు చేసుకోండి" అంది హైమ. 

"సూరన్న గారూ, ఆ షరతు చదవండి."

చదివాను. "సదరు ఖాతాను అంగీకర్త స్వయముగా తప్ప పరులచేత వాడింపరాదు." నా చేతిరాతే. నా చెయ్యి విరగ! సాల్మన్ గోడ గడియారం చూశాడు. నాలుగున్నర. ఐదింటికి ఆఫీసు మూత, దాంతోపాటు నోటీసూ మూత.

"చంపేస్తారండీ మీరు మమ్మల్ని!" అన్నాడు సాల్మన్. బస్సులో ఎంత మంది తోసినా నవ్వే మనిషి, కళ్ళు తుడుచుకున్నాడు.

హైమ మాత్రం నా చేతిలోని కట్ట లాక్కుని గబగబా వెనక పేజీలు తిప్పింది. "ఇదిగో. ఇది కూడా మీరే రాశారు, సూరన్న గారూ. 'అంగీకర్త తన సమస్త హక్కులను ఒక్క పర్యాయము, మరియొక్క వ్యక్తికి బదలాయింపవచ్చును. సదరు వ్యక్తి స్వయముగా అంగీకరింపవలెను.' భూషణం గారూ, ఈ కంప్యూటరు నేను మీకు ఇచ్చేస్తున్నాను. మీరు ఒప్పుకుంటే చాలు."

ఆఫీసంతా భూషణం గారి వైపు తిరిగింది. ఆయన వెనక్కి చూశారు. అక్కడ ఎవరూ లేరు, గోడ ఉంది.

"పైకి రాసి..."

"ఐదింటిలోగా జవాబొస్తుందాండీ?"

"వకీలు గారు బాధ్యత అన్నారు కదమ్మా. పింఛను..."

హైమ మీటలు నొక్కింది. తెర మీద మళ్ళీ అదే చీమల బారు, అడుగున అదే మీట. ఆమె మౌసు ఆయన ముందు పెట్టి, తను లేచి బల్లకు అవతల రిజిస్ట్రారు నిలబడే చోట నిలబడింది. సాక్షులను పిలిచి ఆయన పక్కన నిలబెట్టింది. నేనూ నిలబడ్డాను. దండలు చేత్తో పట్టుకుని సాల్మన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"పులుగుర్త భూషణం అనే మీరు" అంది హైమ, ఎక్కడా తడబడకుండా, "ఈ సాక్షుల ఎదుట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, మీ ఇష్టపూర్వకంగా, ఈ కంప్యూటరును అంగీకరిస్తున్నారా?"

ఆయన మొహం చూడలేకపోయాను. ఎన్ని వందల మందిని ఆ ప్రశ్న అడిగి ఉంటాడో పెద్దమనిషి! ఆయన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"నా పెళ్ళికి కూడా మా నాన్నగారే ఒప్పుకున్నారమ్మా" అన్నారు మెల్లగా. "ఇల్లు కొనడానికి మా ఆవిడ ఒప్పుకుంది. ఈ ఉద్యోగానికి మా మేనమామ. నేనెప్పుడూ..."

"తెలుసండి" అంది హైమ, అంతే మెల్లగా. "పావుతక్కువ ఐదైంది."

భూషణం గారు కళ్ళు మూసుకున్నారు. ఇష్టదైవానికి దణ్ణం పెట్టుకున్నారు. వేలు మౌసు మీద పెట్టారు. తీశారు. చొక్కాకు తుడుచుకుని మళ్ళీ పెట్టారు. "అంగీకరిస్తున్నాను" అని పైకి అని, నొక్కారు.

ఏమీ కాలేదు. పైకప్పు పడలేదు, ఫోను మోగలేదు. తెర మీద 'భూషణం, స్వాగతం!' అని వచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, ఒక్కసారిగా గట్టిగా ఊపిరి వదిలారు. "శివాజీ! పేర్లు ఎక్కించు. తొందరగా!" అన్నారు. ఆ గొంతులో అంత ఊపు ఉందని మాకెవరికీ తెలియదు.

శివాజీ వేళ్ళు టకటకలాడాయి. భూషణం గారు లేచి చొక్కా గుండీ పెట్టుకుని వధూవరులను ఎదురుగా నిలబెట్టి మొదలెట్టారు. "సాల్మన్ అనే మీరు, ఈ సాక్షుల ఎదుట..."

"అంగీకరిస్తున్నానండి!" అన్నాడు సాల్మన్.

"నన్ను అడగనివ్వవయ్యా! హైమావతి అనే మీరు..."

"అంగీకరిస్తున్నానండి!" అంది హైమ, అంతకన్నా తొందరగా.

భూషణం గారు కళ్ళద్దాలు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "ఇది నూరేళ్ళ జీవితం కదమ్మా! ఒక్క షరతైనా చదివారా మీరు? ఇంత గబుక్కున ఎలా ఒప్పుకుంటారు?"

"చదివితే ఒప్పుకోగలమాండీ?" అంది హైమ.

ఆయన తన పేరున్న తెర వైపు ఒకసారి చూసుకుని, సంతకం పెట్టేశారు.